నిద్ర గడి

పలాసలో పొద్దు పొగతో లేస్తుంది.
పొగ రంగు చూసి సన్నిబాబు చెప్పేస్తాడు
తొక్క తడిసిందో, ఎండిందో.
నేను మీటర్లు చూసి చెబుతాను.
అందుకే నాకు కుర్చీ, అతనికి నిప్పు.

మా జీడిబట్టీకి నాలుగు దారుల్లో వస్తుంది శక్తి.
కరెంటాఫీసు తీగ ఒకటి.
రేకుల మీద అరవై పలకలు పట్టే ఎండ ఒకటి.
షెడ్డు వెనక డీజిలు జనరేటరు,
అది దగ్గితే తవిటినాయుడు గారి గుండె దడదడ.
ఆఖరిది జీడితొక్క.
నిన్న ఒలిచిన పిక్కల తొక్కే
ఇవాళ ఉడికే పిక్కల కింద మంట.

"బిల్లులో మూడో వంతు కొయ్యమ్మా,
నీకు స్కూటీ కొంటాను" అన్నారాయన.

ఇరవయ్యొక్క రాత్రులు కూర్చున్నాను.
యూనిట్ ఏ గంటకి ఎంత,
తొక్కలో తేమ ఎంత,
ఆపేశాక బోర్మా ఎంతసేపు వెచ్చగా ఉంటుంది,
మహేంద్రగిరి వైపు మబ్బు కమ్మితే
పలకల గీత ఎన్ని నిమిషాల్లో కుంగుతుంది,
అన్నీ గడుల్లో పోశాను.
గూడ్సు బండ్లు పోతున్నప్పుడల్లా టేబులు వణికేది.
అంకెలు వణకలేదు.

చివరికి లాప్‌టాప్ పచ్చగా నవ్వింది:
పగటి ఎండంతా బోర్మాకి.
సాయంత్రం ఆరు దాటితే అంతా బంద్.
రాత్రి ఒంటిగంటకి చౌక కరెంటు,
అప్పుడు తెరువు పప్పుగది,
అప్పుడు తిప్పు కంప్రెసరు.
ఖర్చు: కనిష్ఠం.
ఆ మాట ఎంత అందంగా ఉందో,
రెండుసార్లు పైకి చదువుకున్నాను.

మూడో రాత్రి నేనే వెళ్ళాను చూడడానికి.
నలభైనాలుగు మంది ఆడవాళ్ళు,
ట్యూబులైటు కింద నలభైనాలుగు నీడలు.
మొగిలిపాడు నుంచి ఆటోకి డబుల్ చార్జీ.
రైల్వే గేటు దగ్గర కుక్కలు తరిమితే
లోలాక్షి చెప్పు అక్కడే ఉండిపోయిందట.
దాలమ్మ చేతిలో పప్పు, పప్పు మీద కత్తి,
కత్తి మీద రెప్ప వాలిపోతోంది.
జీడిసొన తిన్న వేళ్ళు, బొగ్గులా.

నన్ను చూసి కళ్ళు నులుముకుంది.
"నువ్వేనటగా యీ లెక్క కట్టింది?
మా నిద్దర ఏ గడిలో రాసినావే, గుంటా?"

కోపంగా అడగలేదు.
నిజంగానే తెలుసుకుందామని అడిగింది.
నా దగ్గర ఆ గడి లేదు.

తెల్లారి ఒక వరస కలిపాను:
రాత్రి పదికీ పొద్దున్న ఆరుకీ మధ్య
మనిషి చెయ్యి పని చెయ్యదు.
అంతే. ఒక్క వరస.
రోజు ఖర్చు పదకొండు వందల నలభై పైకి లేచింది.

సన్నిబాబుని వెంటేసుకుని గొట్టాల వెంట నడిచాను.
గోడ వారన ఆవిరి ఏళ్ళ తరబడి
ఎవరికీ చెప్పకుండా బయటికి పోతోంది.
కొబ్బరిపీచు చుట్టి, మీద రేకు బిగించాం.
కాలవలోకి పోయే వేడినీళ్ళని
మళ్ళీ తొట్టెలోకి తిప్పాం.
పొగగొట్టం వేడిని బోర్మా పక్కగా నడిపించాం.
"ఇదా నువ్వు వెతికేది? అడిగితే ఎప్పుడో చెప్పుదును కాదేటి!"
అన్నాడు సన్నిబాబు.
అవును, అడగలేదు.

ఏడొందలు దిగింది.
నాలుగొందల నలభై మిగిలిపోయింది.
ఎంత గీకినా రాలేదు, గిన్నె అడుగు మాడులా.

మనిషికి పది రూపాయలు.
బస్టాండులో ఒక టీ.
ప్రతి నెలా నాయుడు గారు ఆ వరస మీద వేలు పెట్టి
"ఇదేటమ్మా?" అంటారు.
ప్రతి నెలా చెబుతాను.
ఆయన వేలు తియ్యరు, వరసా తియ్యరు.
స్కూటీ ఊసు మళ్ళీ రాలేదు.

ఇవాళ మహేంద్రగిరి వైపు నల్లగా ఉంది.
పలకల గీత అప్పుడే ఒరుగుతోంది.
డీజిలు దగ్గకముందే
బోర్మా ఒక మెట్టు దించాలి.
లోపల దాలమ్మ ఎవరినో తిడుతోంది, గట్టిగా,
బాగా నిద్రపోయిన గొంతుతో.